గోడమీది లెక్కలు

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు అందరిలాగే నేనూ బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. కానీ వేపచెట్టు గురించీ, వానొస్తే కారే తొమ్మిదో తరగతి గది గురించీ, గంట కొట్టే ఇనప పట్టా గురించీ నాకంటే బాగా రాయగలిగినవాళ్లు మన 1985 బ్యాచ్‌లోనే అరడజను మంది ఉన్నారు. అందుకని నేను ఒక మనిషి జీవితం రాస్తున్నాను. ఆమె మన ఊరి మనిషి కాదు, మన దేశం మనిషీ కాదు. రష్యాలో పుట్టి, జర్మనీలో చదువుకుని, స్వీడన్‌లో పాఠాలు చెప్పి, 1891లో 41 ఏళ్ల వయసులో కన్నుమూసింది. పేరు సోఫియా కోవలెవ్‌స్కాయా.

మన సంచికలో ఆమెకేం పని అని మీరు అడగవచ్చు. లెక్క రాక ఇంకొకరి గుమ్మం తొక్కిన ప్రతి విద్యార్థికీ ఆమె దగ్గరి చుట్టమే. నేనూ అలా గుమ్మం తొక్కినవాణ్నే. ఆ సంగతి చివర్లో చెబుతాను. అందులో నేను 40 ఏళ్లుగా దాచిన విషయం ఒకటి ఉంది.

సోఫియా 1850 జనవరిలో మాస్కోలో పుట్టింది. తండ్రి ఫిరంగిదళంలో పెద్ద అధికారి. తల్లి తండ్రి సర్వే పనిలో పేరున్న జనరల్, ఆయన తండ్రి ఖగోళ శాస్త్రవేత్త. తండ్రి ఉద్యోగం నుంచి విరమించుకున్నాక కుటుంబం పాలిబినో అనే పల్లెలో ఉన్న తమ ఎస్టేటుకు మకాం మార్చింది. ఇంటికి మరమ్మతులు చేయించి, గదులన్నిటికీ గోడకాగితం అంటించారు. పిల్లల గది దగ్గరకొచ్చేసరికి కాగితం అయిపోయింది. ఒక్క గది కోసం అంత దూరంలోని పట్నం నుంచి మళ్లీ తెప్పించడం ఎందుకని ఇంట్లో పడి ఉన్న పాత కాగితాలు అంటించేశారు. అవి తండ్రి యువకుడిగా ఉన్నప్పుడు కొనుక్కున్న నోట్సు. ఓస్ట్రోగ్రాడ్‌స్కీ అనే గణిత ప్రొఫెసర్ క్యాలిక్యులస్ మీద చెప్పిన పాఠాలు.

ఆ పిల్ల గంటల తరబడి ఆ గోడ ముందు నిలబడేది. ఒక్క ముక్క అర్థం కాదు. ఏ పుట తర్వాత ఏ పుట వస్తుందో కనిపెట్టాలని చూసేది. గుర్తులు, సూత్రాలు మాత్రం మనసులో ముద్రపడిపోయాయి. లెక్కలంటే అమితమైన ఇష్టం ఉన్న పెదనాన్న ఒకాయన వచ్చినప్పుడల్లా వృత్తాన్ని అంతే వైశాల్యమున్న చతురస్రంగా మార్చడం గురించీ, వక్రరేఖ దగ్గరికి వస్తూనే ఉండి ఎన్నటికీ తాకని గీతల గురించీ కథల్లా చెప్పేవాడు. అదీ అర్థం కాలేదు. ఏదో గొప్ప విషయం తనకు తెలియకుండా గోడ అవతల ఉందన్న ఆశ మాత్రం కలిగింది.

కొన్నాళ్లకు తండ్రి ఆమె లెక్కల చదువు ఆపించాడు. చదువుకున్న ఆడపిల్లలంటే ఆయనకు బెదురు. ఆమె ఎవరినో అడిగి ఒక బీజగణిత పుస్తకం తెచ్చుకుని ఇల్లంతా నిద్రపోయాక చదువుకుంది.

తర్వాత జరిగిన సంగతి నాకు బాగా ఇష్టం. పక్క ఎస్టేటులో తిర్తోవ్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ ఉండేవాడు. తాను రాసిన భౌతికశాస్త్ర పుస్తకం ఒకటి ఈ ఇంటికి బహుమతిగా ఇచ్చాడు. సోఫియా చదవడం మొదలుపెట్టింది. కాంతి పాఠానికి వచ్చేసరికి సైన్ అనే మాట అడ్డొచ్చింది. త్రికోణమితి ఆమె చదవలేదు. ఇంట్లో చెప్పే మాస్టారికీ తెలియదు. అప్పుడు ఆమె తనంతట తానే ఆలోచించి, సైన్ ఉన్న చోటల్లా ఆ కోణానికి ఎదురుగా ఉన్న జ్యాను వేసి చూసింది. చిన్న కోణాల దగ్గర సూత్రాలు సరిపోయాయి. ఎందుకు సరిపోయాయో మనం లెక్క వేసుకోవచ్చు. ఒక యూనిట్ వ్యాసార్ధం ఉన్న వృత్తంలో 10 డిగ్రీల కోణానికి జ్యా 0.1743, సైన్ 0.1736. తేడా వెయ్యింట నాలుగు పాళ్ల లోపే. మన ఆర్యభటుడు పట్టికలు వేసింది కూడా అర్ధజ్యాలతోనే. వింటినారి అనే అర్థమున్న ఆ జ్యా శబ్దమే దేశాలు తిరిగి చివరికి సైన్ అయింది. ఆ పల్లెలో ఒంటరిగా కూర్చున్న పిల్ల అదే దారిలో కొంత దూరం తనకు తెలియకుండానే నడిచింది.

పుస్తకం అర్థమైందని ఆమె చెబితే తిర్తోవ్ మొదట నమ్మలేదు. ఎలా అర్థం చేసుకుందో వివరించాక ఆశ్చర్యపోయాడు. ఈ పిల్లకు మంచి గురువును పెట్టించమని తండ్రికి గట్టిగా చెప్పాడు. తండ్రి ఒప్పుకోవడానికి కొన్నేళ్లు పట్టింది. చివరికి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్ట్రానోల్యుబ్‌స్కీ అనే ఉపాధ్యాయుడి దగ్గర క్యాలిక్యులస్ మొదలుపెట్టింది. ముందే తెలిసినట్టు ఆమె పట్టేసుకుంటుంటే ఆయన విస్తుపోయాడు. ముందే తెలుసు మరి. గోడ మీద చూసినవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా అర్థంతో సహా తిరిగొచ్చాయి.

ఇక్కడితో ఇంట్లో దొరికే సాయం అయిపోయింది. రష్యా విశ్వవిద్యాలయాల్లో ఆడవాళ్లకు ప్రవేశం లేదు. విదేశాలకు వెళ్లాలంటే తండ్రి అనుమతి ఉండాలి, పెళ్లయితే భర్త అనుమతి. ఆ రోజుల్లో చదువుకోవాలనుకున్న రష్యన్ యువతులు కొందరు దీనికో ఉపాయం కనిపెట్టారు. ఆదర్శాలున్న యువకుణ్ని చూసి పేరుకు మాత్రం పెళ్లి చేసుకుని దేశం దాటడం. సోఫియా 1868లో వ్లదీమిర్ కోవలెవ్‌స్కీని అలా చేసుకుంది. ఆయన డార్విన్ రచనలను రష్యన్‌లో ప్రచురించినవాడు. తర్వాత ప్రాచీన జీవుల శిలాజాల మీద మంచి పరిశోధన చేశాడు. మన ఊళ్లో చదువు ఆపడానికి పెళ్లి చేసేవాళ్లు. ఆమె చదువు కోసం పెళ్లి చేసుకుంది.

1869లో హైడెల్‌బర్గ్ చేరింది. అక్కడా ఆడవాళ్లను విద్యార్థులుగా చేర్చుకోరు. ఒక్కో ప్రొఫెసర్ దగ్గరికి విడివిడిగా వెళ్లి తరగతిలో కూర్చోవడానికి అనుమతి అడగాలి. అలా అడిగి గణితం కోనిగ్స్‌బెర్గర్ దగ్గర, భౌతికశాస్త్రం కిర్కాఫ్ దగ్గర విన్నది. కిర్కాఫ్ అంటే మన ఇంటర్ పుస్తకంలో విద్యుత్ వలయాల నియమాలున్న కిర్కాఫే. కోనిగ్స్‌బెర్గర్ ఎప్పుడూ తన గురువైన వయర్‌స్ట్రాస్ గురించి చెబుతుండేవాడు. దాంతో 1870లో ఆమె ఆయన్ను వెతుక్కుంటూ బెర్లిన్ వెళ్లింది.

వయర్‌స్ట్రాస్ గురించి మన బడి సంచికలో రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. ఆయన యవ్వనంలో తండ్రి కోరిక మీద బాన్‌లో వేరే చదువుకు వెళ్లి, అది గిట్టక, పరీక్ష రాయకుండానే తిరిగొచ్చినవాడు. తర్వాత బడిపంతులు శిక్షణ పొంది సుమారు 15 ఏళ్లు చిన్న ఊళ్లలో హైస్కూలు మాస్టారుగా పనిచేశాడు. లెక్కలే కాదు, దస్తూరీ కూడా నేర్పాడు, డ్రిల్లు కూడా చేయించాడు. రాత్రిళ్లు తన గణితం తాను చేసుకున్నాడు. 1854లో ఆయన వ్యాసం ఒకటి పెద్ద పత్రికలో వచ్చాక గానీ ఆయన ఎవరో లోకానికి తెలియలేదు. 1856లో బెర్లిన్ చేరాడు. ఈ రోజు క్యాలిక్యులస్‌లో అవధి అనే మాటను ఇంత కచ్చితంగా నిర్వచించగలుగుతున్నామంటే అందులో ఆయన పాత్ర చాలా పెద్దది.

అలాంటాయన ముందుకు 20 ఏళ్ల రష్యన్ యువతి వచ్చి పాఠం చెప్పమంది. ఆయన వెంటనే అవుననలేదు, కాదనలేదు. తన పై తరగతి విద్యార్థులకు ఇచ్చే కఠినమైన లెక్కలు కొన్ని ఇచ్చి పంపాడు. మళ్లీ రాదనుకుని ఉంటాడు. వారం తిరిగేసరికి ఆమె అన్నీ చేసుకుని వచ్చింది. సమాధానాలు సరిగ్గా ఉండడమే కాదు, చేసిన పద్ధతి ఆమె సొంతం. ఆయన ఆమెను తరగతిలోకి రానివ్వమని విశ్వవిద్యాలయాన్ని అడిగాడు. వాళ్లు ఒప్పుకోలేదు. సరే, తరగతిలో చెప్పింది ఇంట్లో చెబుతానన్నాడు. నాలుగేళ్లు, రుసుము లేకుండా. ఆదివారం మధ్యాహ్నాలు ఆమె ఆయన ఇంటికి వెళ్లేది. వారంలో ఇంకో రోజు ఆయనే ఆమె ఉండే చోటుకు వచ్చేవాడు.

ఈ నాలుగేళ్లలో ఆయన ఆమెకు చేసిన సాయం ఎలాంటిదో చూడాలి. ఉపన్యాసాల సారం చెప్పాడు. ఏ ప్రశ్న అడగదగిందో చూపించాడు. ఆమె రాసుకొచ్చింది చదివి ఎక్కడ తర్కం తెగిందో వేలు పెట్టి చూపించాడు. జవాబు మాత్రం ఆమెనే కనుక్కోనిచ్చాడు. 1874 నాటికి ఆమె మూడు పరిశోధన వ్యాసాలు పూర్తిచేసింది. ఒకటి పాక్షిక అవకలన సమీకరణాల మీద, ఒకటి శనిగ్రహ వలయాల ఆకారం మీద, మూడోది అబీలియన్ సమాకలనుల మీద. ఒక్కటి చాలు డాక్టరేటుకు.

మొదటి వ్యాసంలోని సిద్ధాంతం నేటికీ కోషీ-కోవలెవ్‌స్కాయా సిద్ధాంతం పేరుతో ఎమ్మెస్సీ పుస్తకాల్లో ఉంది. అందులో ఒక భాగం ఇంజనీర్లకు బాగా నచ్చుతుంది. అవకలన సమీకరణానికి సమాధానాన్ని ఘాతశ్రేణిగా రాసుకుంటూ పోతే చాలు, అదే కుదురుకుంటుందని అంతవరకు ఒక నమ్మకం ఉండేది. కడ్డీలో వేడి ఎలా పాకుతుందో చెప్పే సమీకరణం తీసుకుని ఆమె ఆ నమ్మకం తప్పని చూపింది. ఒకటిని, ఒకటిలోంచి ఎక్స్ తీసేసిన దానితో భాగిస్తే వచ్చే మామూలు భిన్నాన్ని ప్రారంభ ఉష్ణోగ్రతగా తీసుకోండి. ఎక్స్ సున్నా అయిన చోట, కాలంలో శ్రేణి గుణకాలు 1, 2, 12, 120, 1680 అని పెరుగుతూ పోతాయి. కాలం ఎంత చిన్నదైనా ఆ శ్రేణి ఒక సంఖ్య దగ్గర ఆగదు. ఇది గురువు కూడా ఊహించని ఫలితం. శిష్యురాలు తానివ్వని జవాబుతో రావడం ఆయనకు ఎంతో సంతోషమైంది.

బెర్లిన్ పట్టా ఇవ్వదు కాబట్టి వయర్‌స్ట్రాస్ గోటింగెన్‌కు రాశాడు. 1874లో అక్కడి విశ్వవిద్యాలయం మౌఖిక పరీక్ష లేకుండా, ఆమె హాజరు కాకుండానే, అత్యున్నత శ్రేణిలో డాక్టరేటు ఇచ్చింది. ఆధునిక ఐరోపాలో గణితంలో ఆ పట్టా పొందిన తొలి మహిళ ఆమె.

ఆ వెంటే గుసగుసలు మొదలయ్యాయి. పని గురువుది, పేరు శిష్యురాలిది అని. జీవితాంతం, చనిపోయాక కూడా ఆ మాట ఆమెను వదల్లేదు. ప్రశ్న తానిచ్చానే గానీ పని ఆమెదేనని వయర్‌స్ట్రాస్ స్వయంగా తోటి గణితజ్ఞులకు చెప్పాల్సి వచ్చింది. సాయం పొందడం మగ విద్యార్థికి శిష్యరికం అయింది, ఆమెకు మాత్రం అనుమానం అయింది.

పట్టా చేతికొచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. రష్యాకు తిరిగి వెళితే ఆడపిల్లల బడిలో చిన్న తరగతులకు అంకగణితం చెప్పే పని తప్ప ఇంకేదీ ఆమెకు లేదన్నారు. తండ్రి చనిపోయాడు. పేరుకు చేసుకున్న పెళ్లి ఈలోగా నిజమైన కాపురమైంది. 1878లో కూతురు పుట్టింది. భార్యాభర్తలు ఇళ్ల స్థలాల వ్యాపారంలో దిగి అప్పులపాలయ్యారు. దాదాపు ఆరేళ్లు ఆమె గణితం ముట్టలేదు. గురువు ఉత్తరాలకు జవాబులు కూడా రాయలేదు. ఇంత ప్రతిభ ఉన్న మనిషి ఆరేళ్లు కాగితం పట్టలేదంటే మన ఇళ్లలో పట్టాలు ట్రంకు పెట్టెల్లో పెట్టుకున్న ఆడవాళ్లు గుర్తుకొస్తారు నాకు.

1880లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో శాస్త్రవేత్తల మహాసభ జరిగింది. అక్కడ మాట్లాడమని చెబిషెవ్ ఆమెను పిలిచాడు. పెట్టెలోంచి అచ్చుకాని మూడో వ్యాసం తీసి, అప్పటికప్పుడు జర్మన్ నుంచి రష్యన్‌లోకి మార్చుకుని చదివింది. ఆరేళ్ల నాటి పని అయినా పాతబడలేదు. వింటున్నవాళ్లలో స్వీడన్ గణితజ్ఞుడు మిట్టాగ్-లెఫ్లర్ ఉన్నాడు. ఆయనా వయర్‌స్ట్రాస్ శిష్యుడే. ఈమెకు ఉద్యోగం ఇప్పించాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు. ఆమె మళ్లీ బెర్లిన్ వెళ్లి గురువును కలిసింది. అన్నేళ్లు జవాబివ్వలేదన్న కోపం ఆయన పెట్టుకోలేదు. కొత్త లెక్క ఇచ్చాడు.

1883 వసంతంలో వ్యాపారాల చిక్కుల్లో పడ్డ భర్త ఆత్మహత్య చేసుకున్నాడు. ఆమె అప్పుడు పారిస్‌లో ఉంది. తలుపు వేసుకుని అన్నం మానేసింది. ఐదో రోజు స్పృహ తప్పింది. తెలివి వచ్చాక కాగితం, పెన్సిలు అడిగి లెక్క చేయడం మొదలుపెట్టింది. దీన్ని ధైర్యం అనాలో, తప్పించుకోవడం అనాలో నేను తేల్చుకోలేకపోయాను. ఆపదలో పట్టుకోవడానికి ఆమెకు అదొక్కటే కొమ్మ ఉందనిపిస్తుంది.

ఆ సంవత్సరం చివర స్టాక్‌హోమ్ చేరింది. కొత్తగా పెట్టిన విశ్వవిద్యాలయంలో మొదట జీతం లేని అధ్యాపకురాలు. విద్యార్థులు కట్టే ఫీజే ఆదాయం. 1884 మొదట్లో జర్మన్‌లో పాఠాలు ప్రారంభించి, తర్వాత స్వీడిష్ నేర్చుకుని అందులోనే చెప్పింది. అదే ఏడు ఆమెను ఐదేళ్లకు ప్రొఫెసర్‌గా నియమించారు.

ఇక బొంగరం సంగతి. మన బడి వెనక మట్టిలో బొంగరాలు ఆడని మగపిల్లాడు మన తరంలో లేడు. జాలె చుట్టి విసిరితే మేకు మీద నిలబడి గిర్రున తిరుగుతుంది, కాసేపటికి తల ఊపుతుంది, తర్వాత తూలి పడిపోతుంది. ఇది ఎక్కడ ఎప్పుడు ఎలా వంగి ఉంటుందో ముందే చెప్పగలమా? నేను 30 ఏళ్లుగా విద్యుత్ కేంద్రాల్లో టర్బైన్ల మీద పనిచేస్తున్నాను. నిమిషానికి 3000 చుట్లు తిరిగే రోటార్‌ను రెండు వైపులా బేరింగులు పట్టుకుంటాయి కాబట్టి ఇరుసు ఎటూ పోదు. ఆ పట్టు తీసేసి ఒక్క బిందువు మీద నిలబెడితే లెక్క వేరు. ఆరు తెలియని రాశులు, ఒకదానిలో ఒకటి చిక్కుకున్న ఆరు అవకలన సమీకరణాలు.

18వ శతాబ్దంలో ఆయిలర్ ఒక సందర్భాన్ని పూర్తిగా సాధించాడు. వస్తువును దాని గరిమనాభి దగ్గరే నిలబెట్టిన సందర్భం అది. లగ్రాంజ్ రెండోది సాధించాడు. బరువంతా ఇరుసు చుట్టూ సమంగా పంచి ఉండి, గరిమనాభి ఇరుసు మీదే ఉన్న సందర్భం. అంటే మన బొంగరం. ఆ తర్వాత దాదాపు నూరేళ్లు ఎవరూ మూడోది కనుక్కోలేదు. ఫ్రెంచ్ శాస్త్ర అకాడమీ 1888లో బోర్డిన్ బహుమతికి ఈ విషయమే పెట్టింది. రచయిత పేరు కనిపించకుండా వ్యాసం పంపాలి. ఒక వ్యాసం చూసి న్యాయనిర్ణేతలు 3000 ఫ్రాంకుల బహుమతిని 5000 చేశారు. పేరున్న కవరు విప్పితే కోవలెవ్‌స్కాయా.

ఆమె సాధించింది గరిమనాభి ఇరుసు మీద కాకుండా పక్కకు ఉన్న, ఒంటిపక్క బరువున్న బొంగరాన్ని. మూడు ఇరుసుల చుట్టూ జడత్వ భ్రామకాలు 2, 2, 1 నిష్పత్తిలో ఉండాలి. గరిమనాభి ఆ సమానమైన రెండు ఇరుసుల తలంలో ఉండాలి. అప్పుడు లెక్క పూర్తిగా విడిపోతుంది. ఈ నిష్పత్తిని ఆమె గుడ్డిగా వెతికి పట్టుకోలేదు. కాలాన్ని సంకీర్ణ సంఖ్యగా తీసుకుంటే సమాధానం ఎక్కడెక్కడ అనంతమవుతుందో, అక్కడ దాని తీరు ఎలా ఉండాలో చూసి, ఆ షరతుకు సరిపడే సందర్భాలేవో తేల్చింది. ఆయిలర్‌ది, లగ్రాంజ్‌ది వాటంతట అవే వచ్చాయి. వాటితోపాటు కొత్తది ఒకటి బయటపడింది. పేరు దాచిన వ్యాసం కాబట్టి బహుమతి ఇచ్చేటప్పుడు ఎవరి దయా లేదు, ఎవరి అనుమానమూ లేదు.

1889లో స్టాక్‌హోమ్ ఆమెను శాశ్వత ప్రొఫెసర్‌ను చేసింది. అదే సంవత్సరం రష్యా అకాడమీ, చెబిషెవ్ తదితరుల చొరవతో, ఆమెను అనుబంధ సభ్యురాలిగా ఎన్నుకుంది. సొంత దేశంలో ఉద్యోగం మాత్రం అప్పటికీ ఇవ్వలేదు. తన బాల్యం గురించి ఒక పుస్తకం కూడా రాసింది. గోడకాగితం కథ మనకు తెలిసింది అందువల్లే. 1891 ఫిబ్రవరిలో, శీతకాలపు సెలవుల ప్రయాణం నుంచి జలుబుతో తిరిగొచ్చి, అది న్యుమోనియాగా ముదిరి చనిపోయింది. కూతురికి అప్పటికి 12 ఏళ్లు. ముసలి గురువు ఆమె తనకు రాసిన ఉత్తరాలన్నీ కాల్చేశాడు. ఆయన రాసినవి ఆమె దగ్గర ఉండిపోయాయి కాబట్టి మిగిలాయి.

ఇక నా సంగతి.

పదో తరగతిలో నాకు లెక్కల హోంవర్కులో ఎప్పుడూ మంచి మార్కులే. అవి నావి కావు. మన తరగతిలో ఆడపిల్లల వరసలో రెండో బెంచీలో కూర్చునే అమ్మాయివి. ఆ రోజుల్లో మనం వాళ్లతో మాట్లాడేవాళ్లం కాదు. ఏడో తరగతిలో ఉన్న వాళ్ల తమ్ముడు గంట కొట్టకముందే అక్క పుస్తకం కుళాయి దగ్గరికి తెచ్చేవాడు. అందుకు నేను వాడికిచ్చిన లంచం నా మంచి బొంగరం. ఒకసారి మాస్టారు నా పుస్తకంలో ఒక రేఖాగణితం లెక్క చేసిన తీరు బాగుందని తరగతి మొత్తానికి చూపించారు. ఆ అమ్మాయి తల దించుకునే కూర్చుంది. పరీక్షలు అయిన వేసవిలోనే ఆమెకు పెళ్లి చేశారు. నేను ఇంటర్‌కు, అక్కణ్నుంచి ఇంజనీరింగ్‌కు వెళ్లాను.

మొదటి సంవత్సరంలోనే బయటపడ్డాను. తెలుగు మీడియం నుంచి వచ్చినవాణ్ని. హాస్టల్లో స్నేహితుడి అసైన్‌మెంట్లు ఎత్తి రాసుకుంటూ కాలం గడిపాను. గణితం, భౌతికశాస్త్రం రెండూ తప్పాను. వేసవిలో సిగ్గు విడిచి మన లెక్కల మాస్టారి ఇంటికి వెళ్లి అవకలన సమీకరణాల లెక్క ఒకటి ముందు పెట్టాను. ఆయన పుస్తకం చూడలేదు. నేను చేసి తప్పిన కాగితం చూపించమన్నారు. అలాంటిది నా దగ్గర లేదు. పది లెక్కలు గుర్తుపెట్టి, వచ్చే ఆదివారం తప్పులతో సహా చేసుకురమ్మని పంపేశారు. ఆ వేసవి ఆదివారాలన్నీ ఆయన అరుగు మీదే గడిచాయి. డిగ్రీ తర్వాత ఆయన ఆ పాఠాలు ముట్టి ఇరవై ఏళ్లు దాటింది. నా కోసం రాత్రిళ్లు మళ్లీ చదువుకున్నారని తర్వాత అమ్మగారు చెబితే తెలిసింది. సప్లిమెంటరీలో గట్టెక్కాను. పదో తరగతి సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

కిందటేడు మన బ్యాచ్ కలుసుకున్నప్పుడు ఆ క్లాస్‌మేట్‌ను చూసి అసలు విషయం చెప్పేశాను. ఆమె నవ్వింది. తమ్ముడు ఎప్పుడో చెప్పేశాడట. తర్వాత ఆమె చెప్పిన మాటకు నాకు నోట మాట రాలేదు. ఒకరోజు ఆమె లెక్కలో ఒక గుర్తు తప్పు రాసింది. అదే తప్పు నా పుస్తకంలోనూ వచ్చింది. మాస్టారు స్టాఫ్ రూముకు పిలిచింది నన్ను కాదు, ఆమెను. నా పుస్తకం చూసి రాసిందా అని అడిగారట. ఆమె ఏమీ అనకుండా సుద్దముక్క తీసుకుని, తర్వాతి అధ్యాయంలోని, ఇంకా చెప్పని లెక్క ఒకటి బోర్డు మీద చేసి వచ్చేసిందట. ఆయన మళ్లీ అడగలేదు. ఆమెకు పెళ్లి కుదిరినప్పుడు ఇంటికొచ్చి, ఇంటర్ అయినా చదివించమని వాళ్ల నాన్నగారిని బతిమాలారట. ఆయన వినలేదు.

అంటే మాస్టారికి అంతా తెలుసు. తెలిసే ఆ వేసవిలో నా తప్పుల కాగితం అడిగారు.

ఆనాటి నుంచే కోవలెవ్‌స్కాయా జీవితం నన్ను వెంటాడుతోంది. తన పని తాను చేసుకున్న మనిషిని ఎవరు చేసిపెట్టారని అడిగారు. ఇంకొకరి పని ఎత్తి రాసుకున్న నన్ను తరగతి ముందు మెచ్చుకున్నారు. ఈ రెండూ ఒకే అలవాటు నుంచి వచ్చినవి. ఆమె అనుమతి తీసుకునే ఇదంతా రాస్తున్నాను. పేరు వద్దంది.

ఆమె మనవరాలు ఇప్పుడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. ఏ లెక్క అయినా ఫోన్‌లో పెడితే సమాధానం అన్ని మెట్లతో సహా వస్తుంది కానీ, పరీక్ష హాల్లో మొదటి మెట్టు ఎందుకు అలా వేయాలో తోచడం లేదని ఆ పిల్ల బాధ. నా హాస్టల్ స్నేహితుడి అసైన్‌మెంటూ అలాంటిదే, కాకపోతే దస్తూరీ బాగుండేది కాదు. ఇప్పుడు ఆ పిల్ల ప్రతి ఆదివారం తాను చేసి తప్పిన కాగితం ఫొటో తీసి నాకు పంపుతుంది. తర్వాత మాట్లాడుకుంటాం.

సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మన బడి నుంచి వెళ్లి ఇంటర్, ఇంజనీరింగ్, డిగ్రీ మొదటి సంవత్సరాల్లో గణితం, భౌతికశాస్త్రం దగ్గర ఇబ్బంది పడుతున్న పిల్లల కోసం ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు మన బడి లైబ్రరీ గది తెరిపిద్దాం. హెడ్మాస్టర్ గారు ఒప్పుకున్నారు. రుసుము లేదు. షరతు ఒక్కటే, చేసి తప్పిన కాగితం వెంట తెచ్చుకోవాలి. ఇప్పటికి ముగ్గురం ఇంజనీర్లం వంతులు వేసుకున్నాం. ఇంకా నలుగురైదుగురు కావాలి. ఊళ్లో లేనివాళ్లు ఫోన్‌లో చెప్పినా చాలు.

పదో తరగతి వరకు లెక్కలు మాత్రం మేం చెప్పం. అవి రెండో బెంచీ ఆమె చూసుకుంటానంది.

(రచయిత 1985 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, విద్యుత్ రంగంలో ఇంజనీరు)